పుచ్చలపల్లి సుందరయ్య

పుచ్చలపల్లి సుందరయ్య (1913 మే 1 - 1985 మే 19) స్వాతంత్ర్య సమరయోధుడు, కమ్యూనిస్టు నాయకుడు, శాసనసభ్యుడు, రచయిత. దక్షిణ భారతదేశంలో కమ్యూనిస్టు పార్టీని నిర్మించినవారిలో అగ్రగణ్యుడు. తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ఒకడు. రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి, ఆ తరువాత ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ శాసనసభలలో ప్రతిపక్షానికి నాయకత్వం వహించాడు. కృష్ణా జిల్లా గన్నవరం నియోజకవర్గం నుండి 1955, 1962, 1978 ఎన్నికలలో శాసనసభకు ఎన్నికయ్యాడు. 1964లో ఏర్పడిన భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు)కు తొలి ప్రధాన కార్యదర్శి. నిరాడంబర జీవనం వలన "కమ్యూనిస్టు గాంధీ"గా పేరుపొందాడు. సన్నిహితులు, పార్టీ కార్యకర్తలు "పి.ఎస్." అని పిలిచేవారు.

బాల్యము, విద్యాభ్యాసము

సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో ఒక భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం విడవలూరు మండలంలో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులభేదాలపై వ్యతిరేకతతో పేరు చివర ఉన్న కులసూచకాన్ని తొలగించుకుని సుందరయ్యగా మారాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. ఇతని తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల ద్వారా పేదలకు వైద్యసేవలందించి ప్రసిద్ధి చెందాడు.

సుందరయ్య ఉన్నత విద్య కొరకు మద్రాసులోని లయోలా కళాశాలలో చేరాడు. ఆ రోజుల్లో మద్రాసు నగరం జాతీయోద్యమానికి ముఖ్య కేంద్రం. విద్యార్థి దశలోనే గాంధీజీ ఆశయాలకు ఆకర్షితుడై ఖద్దరు ధరించడం, హిందీ నేర్వడం మొదలుపెట్టాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహం ప్రారంభం కాగానే కళాశాల చదువుకు స్వస్తి చెప్పి ఉద్యమంలో చేరాడు. అప్పటికి అతని వయస్సు పదిహేడేళ్ళు. అరెస్టయినప్పుడు మైనరు కావడం చేత అతడిని బోర్స్టల్ పాఠశాలలో ఉంచారు. కారాగారంలో పరిచయమైన విప్లవకారుల ప్రభావం, అక్కడ చదివిన పుస్తకాలు అతని ఆలోచనలను కొత్త దారి పట్టించాయి.

విడుదలయ్యాక స్వగ్రామానికి తిరిగి వచ్చి వ్యవసాయ కూలీలను సంఘటితం చేయసాగాడు. రాత్రి బడి నడిపాడు. అంటరానితనానికి వ్యతిరేకంగా పనిచేశాడు. భూస్వాముల ఇంటిలో పుట్టిన యువకుడు కూలిరేట్ల పెంపు కోసం కూలీల పక్షాన నిలవడం బంధువర్గంలో తీవ్ర వ్యతిరేకతకు దారితీసింది. అయినను అతడు వెనుకంజ వేయలేదు. తరువాతి కాలంలో తన వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికే వెచ్చించాడు.

కమ్యూనిస్టు పార్టీ నిర్మాణము

1930 దశకం తొలినాళ్ళలో మద్రాసు ప్రాంతంలో రహస్యంగా పనిచేస్తున్న అమీర్ హైదర్ ఖాన్ ద్వారా సుందరయ్య కమ్యూనిస్టు ఉద్యమంలో ప్రవేశించాడు. అమీర్ హైదర్ ఖాన్ అరెస్టయిన తరువాత దక్షిణాదిలో పార్టీని నిర్మించే బాధ్యత ఇతనిపై పడింది. 1934లో పార్టీ కేంద్ర కమిటీలో సభ్యుడయ్యాడు. అదే సంవత్సరం కమ్యూనిస్టు పార్టీని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించడంతో చాలామంది కమ్యూనిస్టులు కాంగ్రెసు సోషలిస్టు పార్టీలో ఉంటూ పనిచేశారు. సుందరయ్య కూడా ఆ పార్టీలో ముఖ్య బాధ్యతలు నిర్వహించాడు. కేరళలో పి.కృష్ణపిళ్ళై, ఇ.ఎం.ఎస్.నంబూద్రిపాద్ వంటి నాయకులు కమ్యూనిస్టు పార్టీలోకి రావడంలో ఇతని పాత్ర ఉంది. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఇతను ఒకడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కొన్నేళ్ళు అజ్ఞాతవాసం గడిపాడు. 1942లో పార్టీపై నిషేధం తొలగిన తరువాత బయటకు వచ్చి, 1943లో బొంబాయిలో పార్టీ కేంద్ర కార్యాలయంలో పనిచేస్తున్న లీలను వివాహమాడాడు. ఉద్యమానికే జీవితం అంకితం చేయాలన్న తలంపుతో ఆ దంపతులు సంతానం వద్దని నిర్ణయించుకున్నారు.

తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకే రాష్ట్రంగా ఏర్పడాలని సుందరయ్య బలంగా వాదించాడు. 1946లో అతడు వ్రాసిన "విశాలాంధ్రలో ప్రజారాజ్యం" అన్న చిన్న పుస్తకం ఈ విషయంపై వెలువడిన తొలి రచనలలో ఒకటి.

తెలంగాణ సాయుధ పోరాటము

నిజాం పాలనలోని తెలంగాణలో వెట్టిచాకిరీకి, దేశముఖుల దౌర్జన్యాలకు వ్యతిరేకంగా 1946లో ఆరంభమైన రైతు ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి మొదలైనవారితో పాటు సుందరయ్య ఈ పోరాటానికి నాయకత్వం వహించాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత కూడా పోరాటం కొనసాగింది. ఆ కాలమంతా అతడు అజ్ఞాతంలోనే ఉన్నాడు. విలీనం తరువాత పోరాటాన్ని కొనసాగించడం సమంజసమా కాదా అన్న విషయంపై పార్టీలో తీవ్రమైన చర్చ జరిగింది. చివరకు 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించి, సాధారణ ఎన్నికలలో పాల్గొనాలని పార్టీ నిర్ణయించింది.

ఆయుధం పట్టిన ఉద్యమం నుండి చట్టసభలలోకి ప్రవేశించడం సుందరయ్య రాజకీయ జీవితంలో ముఖ్యమైన మలుపు. శాసనసభలో మాట్లాడడం వలన పేదవాడికి ఏమైనా ఒరుగుతుందా అన్న ప్రశ్న ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు అతని పార్టీని, అతని సహచరులను వెంటాడుతూనే వచ్చింది.

రాజ్యసభ సభ్యత్వము

1952లో సుందరయ్య మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యసభకు ఎన్నికై, ఆ సభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యాడు. ఢిల్లీలో పార్లమెంటు భవనానికి సైకిలుపై వెళ్ళేవాడు. మోటారుకార్లలో వచ్చే సభ్యుల మధ్య సైకిలు త్రొక్కుకుంటూ వచ్చే సభ్యుడు అందరికీ వింతగా కనిపించాడు. ఈ అలవాటును తరువాత శాసనసభ్యుడిగా ఉన్నప్పుడు కూడా కొనసాగించాడు.

ఈ కాలంలో తెలుగునాట రాజకీయాలు వేగంగా మారాయి. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుండి కమ్యూనిస్టులు 40కి పైగా స్థానాలు గెలుచుకున్నారు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. విజయవాడ - గుంటూరు ప్రాంతంలో రాజధాని ఉండాలని కమ్యూనిస్టులు కోరినా, 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను అనుసరించి కర్నూలును ఎంపిక చేశారు. తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం అంశంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దానితో మధ్యంతర ఎన్నికలు అనివార్యమయ్యాయి.

1955 ఎన్నికలు

1955 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్రరాష్ట్ర శాసనసభ ఎన్నికలు దేశమంతటి దృష్టిని ఆకర్షించాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చే అవకాశం ఉందని పలువురు భావించారు. ఈ ఎన్నికలలో పాల్గొనడానికి సుందరయ్య రాజ్యసభను విడిచిపెట్టి, పార్టీకి పట్టున్న కృష్ణా జిల్లాలోని గన్నవరం నుండి పోటీచేశాడు.

1952లో వేరువేరుగా పోటీచేసిన కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఈసారి ఐక్య కూటమిగా ఏర్పడ్డాయి. దీనివలన కమ్యూనిస్టు వ్యతిరేక ఓట్లు చీలిపోలేదు. ఫలితంగా కమ్యూనిస్టు పార్టీకి పోలైన ఓట్లలో దాదాపు 31 శాతం లభించినా, 196 స్థానాలున్న సభలో 15 మాత్రమే దక్కాయి. ఓట్ల శాతం క్రిందటి ఎన్నికల కంటే పెరిగి, స్థానాలు మాత్రం బాగా తగ్గిపోవడం ఈ ఎన్నికల విశేషం. మన ఎన్నికల పద్ధతిలో ఓట్లకు, స్థానాలకు మధ్య ఎంత వ్యత్యాసం ఉండగలదో చెప్పడానికి రాజనీతిశాస్త్ర విద్యార్థులకు ఇది చక్కని ఉదాహరణ. పార్టీ ప్రముఖులు పలువురు ఓడిపోగా సుందరయ్య గన్నవరంలో గెలుపొందాడు. అధికారం చేపట్టాలని ఆశించిన పార్టీ, చిన్న ప్రతిపక్షంగా మిగిలింది. ఆ ప్రతిపక్షానికి నాయకత్వం వహించే బాధ్యత సుందరయ్యకు వచ్చింది.

ప్రతిపక్ష నాయకుడిగా

సభలో సంఖ్యాబలం లేకపోయినా సుందరయ్య విషయ పరిజ్ఞానంతో ఆ లోటును పూరించడానికి ప్రయత్నించాడు. బడ్జెటు పత్రాలు, ప్రణాళికా నివేదికలు, నీటిపారుదల శాఖ లెక్కలు క్షుణ్ణంగా చదివి సభకు వచ్చేవాడు. అంకెలతో, పటాలతో మాట్లాడడం అతని ప్రత్యేకత. వాగాడంబరం లేని అతని ప్రసంగాలను అధికార పక్షం వారు కూడా శ్రద్ధగా వినేవారు.

సభలో అతడు ప్రధానంగా పట్టించుకున్న అంశాలు మూడు.

మొదటిది భాషాప్రయుక్త రాష్ట్రం. రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక 1955లో వెలువడినప్పుడు తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచాలని సూచించింది. ఆంధ్ర శాసనసభ 1955 నవంబరులో విశాలాంధ్రను కోరుతూ, తెలంగాణ ప్రయోజనాలకు రక్షణ కల్పిస్తామని హామీ ఇస్తూ తీర్మానం చేసింది. సుందరయ్య దాదాపు పదేళ్ళుగా ప్రచారం చేస్తున్న భావన 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో రూపుదాల్చింది. తరువాత 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం తలెత్తినప్పుడు కూడా అతడు సమైక్య రాష్ట్రాన్నే సమర్థించాడు. అతని మరణానంతరం దాదాపు మూడు దశాబ్దాలకు, 2014 జూన్ 2న ఆ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలుగా విభజింపబడింది.

రెండవది భూసంస్కరణలు. 1961లో రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ భూమి గరిష్ఠ పరిమితి చట్టాన్ని తెచ్చింది. భూమి తరగతిని బట్టి 27 ఎకరాల నుండి 324 ఎకరాల వరకు ఉంచుకోవడానికి ఆ చట్టం వీలు కల్పించింది. ఇంత ఎక్కువ పరిమితి ఉంటే పేదలకు పంచడానికి మిగులు భూమి దొరకదని కమ్యూనిస్టులు విమర్శించారు. ఆచరణలో ఆ చట్టం వలన పేదలకు దక్కిన భూమి స్వల్పమే. 1973లో వచ్చిన కొత్త చట్టం ఈ పరిమితిని 10 నుండి 54 ఎకరాలకు తగ్గించవలసి వచ్చింది.

మూడవది నీటిపారుదల. కృష్ణా, గోదావరి జలాలను తెలుగు ప్రాంతాలన్నిటికీ, ముఖ్యంగా కరవు ప్రాంతాలకు ఎలా అందించాలన్నది అతడు జీవితాంతం అధ్యయనం చేసిన విషయం. ప్రాజెక్టు స్థలాలకు వెళ్ళి, ఇంజనీర్లతో చర్చించి, ఏ నదిలో ఎంత నీరు లభిస్తుంది, ఎన్ని ఎకరాలు సాగవుతాయి అన్న లెక్కలు వేసేవాడు. డెల్టా, మెట్ట ప్రాంతాల అవసరాలను కలిపి చూసే సమగ్ర ప్రణాళిక ఉండాలని కోరేవాడు.

1962 ఎన్నికలలో సుందరయ్య గన్నవరం నుండి మరల గెలిచాడు. 300 స్థానాలున్న సభలో కాంగ్రెసుకు 177, కమ్యూనిస్టు పార్టీకి 51 స్థానాలు వచ్చాయి. 1955 నాటి పదిహేనుతో పోల్చితే ఇది పెద్ద పునరుద్ధరణ. అయితే ఈసారి అతని బృందంలో తెలంగాణ ప్రాంతపు సభ్యులు కూడా ఉన్నారన్నది గమనించవలసిన విషయం. నీలం సంజీవరెడ్డి ప్రభుత్వం భూమిశిస్తును పెంచుతూ తెచ్చిన చట్టాన్ని ప్రతిపక్షాలన్నీ గట్టిగా వ్యతిరేకించాయి.

పార్టీ చీలిక, నిర్బంధము

1962 అక్టోబరులో భారత - చైనా యుద్ధం జరగడంతో కమ్యూనిస్టు పార్టీలో అప్పటికే ఉన్న విభేదాలు తీవ్రమయ్యాయి. 1964 ఏప్రిల్‌లో పార్టీ జాతీయ సమితి సమావేశం నుండి 32 మంది సభ్యులు బయటకు వచ్చారు. వారిలో సుందరయ్య ఒకడు. అదే సంవత్సరం జూలైలో గుంటూరు జిల్లా తెనాలిలో వీరి సదస్సు జరిగింది. అక్టోబరు - నవంబరులలో కలకత్తాలో జరిగిన మహాసభలో భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు) ఏర్పడి, సుందరయ్యను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. కొద్ది వారాలకే, డిసెంబరు చివరలో, ప్రభుత్వం ఆ పార్టీ నాయకులను దేశవ్యాప్తంగా నిర్బంధించింది. సుందరయ్య 1966 వరకు జైలులో ఉన్నాడు. శాసనసభ్యుడిగా అతని రెండవ పర్యాయంలో ఎక్కువ భాగం పార్టీ చీలికలోను, నిర్బంధంలోను గడిచిపోయింది. 1967 ఎన్నికలలో గన్నవరం స్థానం కాంగ్రెసుకు దక్కింది.

చీలికకు ఆంధ్రప్రదేశ్‌లో పార్టీ పెద్ద మూల్యం చెల్లించింది. 1962లో 51 స్థానాలు గెలిచిన ఉద్యమం, 1967లో రెండు పార్టీలుగా పోటీచేసి, రెండూ కలిపి కూడా అందులో సగానికి చేరలేకపోయింది.

నక్సల్బరీ ప్రభావము

1967లో పశ్చిమ బెంగాలులోని నక్సల్బరీలో చెలరేగిన తిరుగుబాటు మార్క్సిస్టు పార్టీలో మరొక సంక్షోభానికి దారితీసింది. శాసనసభల మార్గం వలన ప్రయోజనం లేదని భావించినవారు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1968లో తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, కొల్లా వెంకయ్య తదితరులు పార్టీని వీడిపోయారు. అనంతపురం శాసనసభ్యుడైన నాగిరెడ్డి 1969లో తన సభ్యత్వానికి రాజీనామా చేశాడు.

నాగిరెడ్డి, సుందరయ్య ఇద్దరూ సంపన్న రైతు కుటుంబాలలో పుట్టినవారే. ఇద్దరూ లయోలా కళాశాలలో చదివినవారే. ఇద్దరూ చట్టసభలలో సమర్థులుగా పేరుపొందినవారే. సాయుధ పోరాటాన్ని స్వయంగా నడిపిన సుందరయ్య చట్టసభను విడనాడరాదన్న పక్షాన నిలవగా, ఎన్నికలలో పలుమార్లు గెలిచిన నాగిరెడ్డి సభను వదలివేశాడు. చట్టసభ ఒక్కటే చాలదని, అయితే ప్రజా ఉద్యమాలతో కలిపి దానిని ఉపయోగించుకోవాలని సుందరయ్య అభిప్రాయం. ఈ విభేదం ఆంధ్రప్రదేశ్ వామపక్ష చరిత్రను అర్థం చేసుకోవడానికి కీలకమైనది. దశాబ్దాలుగా కలిసి పనిచేసిన సహచరులను కోల్పోవడం వలన రాష్ట్రంలో పార్టీ బాగా బలహీనపడింది.

తెలంగాణ పోరాట అనుభవాలను సమీక్షిస్తూ సుందరయ్య వ్రాసిన పెద్ద గ్రంథం 1972లో ఆంగ్లంలో వెలువడింది. తెలుగులో ఇది "వీర తెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు" పేరుతో ప్రసిద్ధం.

ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా

1975 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. దానిని ఎదుర్కొనే క్రమంలో జనసంఘ్ వంటి పక్షాలతో కలిసి పనిచేయడానికి పార్టీ నాయకత్వంలో అధికుల మొగ్గు ఉండగా, సుందరయ్య దానిని అంగీకరించలేదు. పార్టీ నిర్మాణానికి, కార్యక్రమం అమలుకు సంబంధించిన ఇతర విభేదాలు కూడా ఉన్నాయి. 1975 ఆగస్టులో సుదీర్ఘమైన లేఖ వ్రాసి ప్రధాన కార్యదర్శి పదవికి, పొలిట్ బ్యూరో సభ్యత్వానికి రాజీనామా సమర్పించాడు. తరువాత ఇ.ఎం.ఎస్.నంబూద్రిపాద్ ఆ బాధ్యతలు చేపట్టాడు. సుందరయ్య పార్టీని విడిచిపెట్టలేదు, వేరు కుంపటి పెట్టలేదు. అత్యున్నత పదవిని వదులుకుని సొంత రాష్ట్రానికి తిరిగివచ్చి సాధారణ కార్యకర్తల మధ్య పనిచేశాడు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాదిమంది ప్రాణాలు కోల్పోయినప్పుడు, అరవై నాలుగేళ్ళ వయస్సులో సహాయ కార్యక్రమాలలో పాలుపంచుకున్నాడు.

మరల శాసనసభకు

1978 ఎన్నికలలో సుందరయ్య గన్నవరం నుండి మూడవసారి గెలుపొందాడు. అప్పటికి మొదటిసారి ఆ స్థానంలో గెలిచి 23 సంవత్సరాలు గడిచాయి. ఆ సభలో మార్క్సిస్టు పార్టీకి ఉన్న బలం స్వల్పమే. ఐదేళ్ళలో మర్రి చెన్నారెడ్డి, టంగుటూరి అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరుసగా ముఖ్యమంత్రులయ్యారు. ముఖ్యమంత్రులు మారుతున్నా సుందరయ్య లేవనెత్తే అంశాలు మారలేదు. వ్యవసాయ కూలీల వేతనాలు, భూపరిమితి చట్టం అమలు, నదీజలాల వినియోగం గురించి ప్రస్తావిస్తూనే వచ్చాడు. 1983లో నందమూరి తారక రామారావు నాయకత్వంలోని తెలుగుదేశం పార్టీ అధికారంలోకి రావడంతో రాష్ట్ర రాజకీయ చిత్రం పూర్తిగా మారిపోయింది. సుందరయ్య శాసనసభ జీవితం ఆ సంవత్సరంతో ముగిసింది.

వ్యక్తిత్వము

సుందరయ్య చాలా నిరాడంబరంగా జీవించాడు. ముతక బట్టలు, సైకిలు ప్రయాణం, పార్టీ కార్యాలయంలో అందరితో కలిసి భోజనం అతని దినచర్య. సమయపాలనలో కఠినుడు. కార్యకర్తలు ఈత, సైకిలు త్రొక్కడం, వ్యాయామం నేర్చుకోవాలని పట్టుబట్టేవాడు. కాలువల పూడికతీత వంటి శ్రమదాన కార్యక్రమాలలో తానే గునపం, పార పట్టి ముందు నిలిచేవాడు. రాజకీయంగా విభేదించినవారు కూడా అతని నిజాయితీని గౌరవించారు.

అతని రాజకీయ నిర్ణయాలపై విమర్శలు లేకపోలేదు. 1948 తరువాత సాయుధ పోరాటం కొనసాగించడం వలన అనేకమంది కార్యకర్తల ప్రాణాలు వృథాగా పోయాయని కొందరు విమర్శించగా, ఆ పోరాటాన్ని విరమించడమే తప్పని మరికొందరు విమర్శించారు. 1964 నాటి చీలిక వలన రాష్ట్రంలో వామపక్షం కోలుకోలేని విధంగా దెబ్బతిన్నదని భావించేవారూ ఉన్నారు.

మరణము, స్మారకాలు

సుందరయ్య 1985 మే 19న మద్రాసులో చికిత్స పొందుతూ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 72 సంవత్సరాలు. ఆస్తిపాస్తులేవీ మిగుల్చుకోలేదు. అతని ఆత్మకథ "విప్లవ పథంలో నా పయనం" తెలుగు రాజకీయ ఆత్మకథలలో ముఖ్యమైనదిగా పరిగణింపబడుతోంది.

హైదరాబాదులోని బాగ్‌లింగంపల్లిలో ఇతని పేరిట సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఏర్పాటయింది. ఇక్కడి గ్రంథాలయం పరిశోధకులకు ఉపయోగపడుతోంది. అరుదైన ఉర్దూ గ్రంథాలు, పత్రికల సేకరణకు ఇది ప్రసిద్ధి చెందింది. దాని సమీపంలోనే సుందరయ్య ఉద్యానవనం ఉంది. తెలుగు రాష్ట్రాలలోని అనేక పట్టణాలలో కాలనీలకు, భవనాలకు ఇతని పేరు పెట్టారు.

శాసనసభ్యుడిగా సుందరయ్య ఏనాడూ అధికార పక్షంలో కూర్చోలేదు, మంత్రి పదవి చేపట్టలేదు. చిన్న ప్రతిపక్షంలో ఉన్న సభ్యుడు కూడా పరిశ్రమ, అధ్యయనం ఉంటే సభ దృష్టిని ప్రజాసమస్యలపైకి మళ్ళించగలడని అతని శాసనసభ జీవితం నిరూపించింది.